మూడో అంతస్తు గంట

కాకినాడ మెయిన్ రోడ్డులో నాగభూషణం గారి చీరల కొట్టులో సూరిబాబు అనే సూపర్‌వైజరు ఉండేవాడు. చేతిలో పనితనం ఉంది, ఒంట్లో ఓపిక ఉంది, కానీ తన ఎదుట ఇంకొకరిని మెచ్చుకుంటే మాత్రం ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు.

ఆ కొట్టుకి మూడంతస్తులు. కింది అంతస్తులో నేత చీరలు, రెండో అంతస్తులో పట్టుచీరలు, మూడో అంతస్తులో చీరలకు ఫాల్స్ కుట్టే గది, దాని పక్కనే అట్టపెట్టెల గోదాము. లిఫ్టు ఆగినా, జనరేటరు మొరాయించినా, ఏసీ నీళ్ళు కారినా "సూరిబాబూ!" అనే కేక వినబడేది. ఆ కేక అతని చెవికి సన్నాయి మేళంలా ఉండేది. ఒక పూటంతా కేక వినబడకపోతే తనే ఏదో ఒక స్విచ్చి కట్టేసి కూర్చుంటాడని గిట్టనివాళ్ళు అనేవారు. పోనీలెండి, గిట్టనివాళ్ళు ఎన్నైనా అంటారు.

ఆ కొట్టుకి ఒక ఆచారం ఉంది. నాగభూషణం గారి తల్లి పెట్టి వెళ్ళిన ఆచారం. సాయంత్రం దీపాలు వెలిగించగానే కింది అంతస్తు నాలుగు మూలలా సాంబ్రాణి వెయ్యాలి. ఏదో అగరొత్తి వెలిగించి తిప్పినట్టు కాదు. కణకణలాడే నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి పోస్తే ఎదుటి మనిషి ముఖం కనబడకూడదు. అప్పుడే లక్ష్మీదేవి గడప దాటి లోపలికి వస్తుందని ఆవిడ నమ్మకం. ఆవిడ పోయింది గానీ నమ్మకం పోలేదు.

అయితే కొట్టు పైకప్పుకి స్మోక్ డిటెక్టర్లు ఉండేవి. పొగని పసిగట్టి గంట మోగించడమే వాటి పని. పొయ్యి మీద గిన్నెకి పెట్టే మూతల్లా గుండ్రంగా, తెల్లగా ఉండేవి. పాపం వాటికేం తెలుసు, ఏది లక్ష్మీదేవి కోసం వేసిన పొగో, ఏది కొంప అంటుకున్న పొగో! సాంబ్రాణి వేసిన ప్రతిసారీ గంటలన్నీ మోగేవి.

దీనికి సూరిబాబే ఉపాయం కనిపెట్టాడు. సంధ్యవేళ అయ్యేసరికి నిచ్చెన తెప్పించేవాడు. చీరల కవర్లు భుజాన వేసుకుని పైకెక్కి, ఒక్కో డిటెక్టర్‌కి ఒక్కో కవరు తొడిగి రబ్బరు బ్యాండు బిగించేవాడు. పొగ తగ్గాక మళ్ళీ ఎక్కి తీసేవాడు. చీరలు చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు తలలెత్తి అతన్నే చూసేవారు. కౌంటరు దగ్గర నాగభూషణం గారు, "మా సూరిబాబు లేకపోతే ఈ కొట్టు ఒక్క పూట నడవదండీ" అనేవాడు. నిచ్చెన మీదున్న సూరిబాబుకి ఆ మాట స్పష్టంగా వినబడేది. వినబడాలనే కాస్త నెమ్మదిగా దిగేవాడు.

ఒకనాడు పొద్దున్నే అగ్నిమాపక అధికారి తనిఖీకి వచ్చాడు. పైకి చూశాడు. ముందురోజు తొడిగిన కవర్లు కొన్ని డిటెక్టర్ల మీద అలాగే ఉన్నాయి. సూరిబాబు తియ్యడం మరిచిపోయాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు అధికారి. "కాపలావాడి కళ్ళకి గంతలు కట్టి కాపలా కాయమన్నట్టుంది."

నాగభూషణం గారికి తల కొట్టేసినట్టయింది. సూరిబాబుని ఒక్క మాట కూడా అనలేదు. కానీ వారం తిరక్కుండా ఫైర్ అలారం పని నేర్చిన ఒకమ్మాయిని ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి పేరు ప్రశాంతి. పిఠాపురం నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేది.

ప్రశాంతి వచ్చీ రాగానే ఏమీ ముట్టుకోలేదు. కొన్నాళ్ళు ఊరికే తిరిగింది. సాంబ్రాణి పొగ ఏ వేళకి లేస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎటు పోతుంది అని చూసింది. మూడో అంతస్తుకి వెళ్ళి కుట్టుగదిలో కూర్చుంది. అక్కడ నూకరత్నం అనే పెద్దావిడా, ఆవిడ కింద మరికొంతమంది ఆడవాళ్ళూ కుట్టుపని చేసేవారు. కుట్టిన చీరని ఆవిరి ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసేవారు. ఆ ఆవిరి పైకి ఎగసి డిటెక్టర్ని తాకడం కూడా ప్రశాంతి చూసింది.

అన్నీ చూశాక, మెట్ల కింద ఉన్న అలారం ప్యానెల్ ముందు కూర్చుని ఏవో అంకెలు మార్చింది. తర్వాత నాగభూషణం గారిని పిలిచి చెప్పింది.

"అయ్యగారూ, ఎంత పొగకి మోగాలో ఒక్కో డిటెక్టర్‌కి విడివిడిగా చెప్పొచ్చండి. సాంబ్రాణి వేళ కింది అంతస్తువి కాస్త నిదానిస్తాయి. ఆ వేళ దాటగానే మామూలే. మూడో అంతస్తులో ఆవిరికి మోగవు, పొగకి మోగుతాయి. ఇంక కవర్లు తొడగక్కర్లేదండి."

"నిజంగానే?" అన్నాడు నాగభూషణం గారు.

ఆ సాయంత్రం సాంబ్రాణి వేశారు. పొగ మబ్బులా కమ్ముకుంది. గుమాస్తాలు, ఖాతాదార్లు అందరూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. గంట మోగలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నాగభూషణం గారి ముఖం విప్పారింది.

"చూశారా, చదువంటే అదీ!" అన్నాడు. ఆ ఊపులోనే ఇటు తిరిగి, "సూరిబాబూ, ఆ నిచ్చెన గోదాములో పడేయించు. ఇంక దాంతో పనిలేదు" అన్నాడు.

ఆయన అన్నది నిచ్చెన సంగతే. సూరిబాబుకి మాత్రం 'ఇంక నీతో పనిలేదు' అన్నట్టు వినిపించింది. నిచ్చెన భుజాన వేసుకుని తనే మోసుకెళ్ళాడు. మెట్లెక్కుతున్నంతసేపూ కింద నుంచి చప్పట్లు వినబడుతూనే ఉన్నాయి. గోదాములో నిచ్చెన గోడకి ఆనించి, అట్టపెట్టె మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

అక్కడ మొదలైంది కడుపుమంట.

అసూయ పట్టినవాడికి లోకంలో ఇంకే పనీ ఉండదు. ప్రశాంతికి టీ ఎవరు తెచ్చి ఇచ్చారు, ఏ కప్పులో ఇచ్చారు, కుర్చీ ఎవరు జరిపారు, ఇవన్నీ సూరిబాబుకి కావలసొచ్చాయి. నూకరత్నం ఎప్పుడూ తన క్యారేజీలోంచి సూరిబాబుకి కొంచెం కూర తీసి పెట్టేది. ఒకరోజు ములక్కాడ కూర పెడుతూ, "తమ్ముడూ, కొంచెం ఉంచు. ఆ పిల్ల కూడా పొద్దున్నే బస్సెక్కొచ్చింది, పాపం" అంది. ఆ కూర సూరిబాబుకి చేదెక్కిపోయింది. "ఆకలిగా లేదక్కా" అని లేచిపోయాడు.

ఇంట్లో కూడా అదే గొడవ. "నిన్నగాక మొన్నొచ్చింది. నా కొట్టులో నన్నే పనికిరానివాణ్ణి చేసింది" అని గొణిగాడు.

"కొట్టు మీదెప్పుడైందండీ?" అంది అతని భార్య. అతను చాప చంకన పెట్టుకుని అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

ప్రశాంతికి ఇదేమీ తెలియదు. పైగా ఒకరోజు తనే అతని దగ్గరకి వచ్చింది.

"బాబాయ్ గారూ, ఇలా రండి. ఈ ప్యానెల్ ఎలా వాడాలో మీకు చూపిస్తాను. రేపు నాకు జ్వరమొచ్చిందనుకోండి, చూసుకోవాల్సింది మీరే కదండి."

పాస్‌వర్డ్ చెప్పింది. ఏ అంకె ఏ డిటెక్టరో చూపించింది. అంకె పెంచితే ఏమవుతుందో, తగ్గిస్తే ఏమవుతుందో చెప్పింది. "మరీ సున్నితంగా పెడితే ఆవిరికి కూడా అరుస్తుందండి. మరీ మొద్దుగా పెడితే కొంప కాలినా పలకదు. మన కొట్టుకి ఎంత కావాలో అంతే పెట్టాలి" అంది.

సూరిబాబు శ్రద్ధగానే నేర్చుకున్నాడు. నేర్చుకుంటున్నంతసేపూ 'నాకే పాఠాలా!' అని లోపల ఉడికిపోయాడు. చెయ్యి పట్టుకుని నేర్పినదానికి దణ్ణం పెట్టాల్సింది పోయి, నేర్చుకున్నది ఆమె మీదే ఎలా తిప్పాలా అని ఆలోచించాడు. అంతటి పని ఆకలి చేయించదు, కోపం చేయించదు, అసూయ చేయిస్తుంది.

శ్రావణమాసం వచ్చింది. చీరల కొట్టుకి అంతకు మించిన కాలం లేదు. కాలు పెట్టే సందు లేకుండా జనం. అలాంటి ఒక మధ్యాహ్నం సూరిబాబు ప్యానెల్ దగ్గరకి వెళ్ళి, మూడో అంతస్తు అంకెలు మార్చేశాడు. చీమ తుమ్మినా మోగేంత సున్నితంగా పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి లిఫ్టు దగ్గర నిలబడ్డాడు.

పైన ఇస్త్రీపెట్టె బుస్సుమంది. గంటలన్నీ ఒక్కసారి మోగాయి.

"నిప్పు! నిప్పు!" అని కేకలు. పిల్లల్ని చంకనేసుకుని తల్లులు రోడ్డు మీదికి పరిగెత్తారు. ఒక పెళ్ళివారి ముసలమ్మ చెప్పు తెగి గడప దగ్గర బోర్లా పడింది. చూస్తే నిప్పూ లేదు, పొగా లేదు. నాగభూషణం గారికి ముసలమ్మ కాళ్ళు పట్టుకున్నంత పనయింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ప్రశాంతితో.

ప్రశాంతి ప్యానెల్ చూసింది. అంకెలు మారి ఉన్నాయి. "నేనే ఎక్కడో పొరబాటు చేసుంటానండి" అని సరిచేసింది. తర్వాత మెల్లగా సూరిబాబుని అడిగింది. "బాబాయ్ గారూ, ఇటెవరైనా వచ్చారా? మీరేమైనా చూశారా?"

"నాకేం తెలుసమ్మా" అన్నాడు సూరిబాబు. "చదువుకున్నదానివి నువ్వు. నేను నిచ్చెన ఎక్కేవాణ్ణి."

ఆమె ఆ మాట నమ్మింది. నేర్పినవాళ్ళకి నేర్చుకున్నవాళ్ళ మీద అనుమానం అంత తొందరగా రాదు.

కొన్నాళ్ళకి మళ్ళీ మోగింది. ఆపైన మళ్ళీ మోగింది. ప్రతిసారీ ప్రశాంతి సరిచెయ్యడం, ఆమె అటు వెళ్ళగానే సూరిబాబు చెడగొట్టడం. ఈలోగా అతను ఇంకో పని కూడా చేశాడు. టీ తాగేచోట, భోజనాల దగ్గర, మూడో అంతస్తులో, అందరి చెవుల్లోనూ ఒకే మాట వేశాడు. "ఆ పిల్ల చెయ్యి పడ్డ దగ్గర్నుంచి ఆ యంత్రానికి పిచ్చెక్కింది. మోగితే మోగనివ్వండి. గుళ్ళో గంటనుకోండి."

గుమాస్తాలు పగలబడి నవ్వారు. గంట మోగితే కొందరు చెంపలు వేసుకుని దణ్ణం పెట్టడం మొదలెట్టారు. నూకరత్నం మనుషులు చెవుల్లో దూది పెట్టుకున్నారు.

గంట మోగగానే సూరిబాబు తాపీగా వెళ్ళి మైకు అందుకునేవాడు. ఆ మైకు మాట మూడంతస్తుల్లోనూ వినబడేది. "ఎవరూ కంగారు పడకండి. ఇది వట్టి మోత. మీ చీరలు మీరు చూసుకోండి" అని చెప్పేవాడు. జనం కుదుటపడేవారు. నాగభూషణం గారు ఊపిరి పీల్చుకుని, "సూరిబాబు ఉండబట్టి సరిపోయింది" అనేవాడు. ఎన్నాళ్ళకి విన్నాడు ఆ మాట! తను పెట్టిన మంట తనే ఆర్పి మెప్పు పొందుతున్నానని అతనికి సిగ్గు కూడా వెయ్యలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

చివరికి నాగభూషణం గారికి ఓపిక పోయింది. అందరి ముందూ ప్రశాంతిని పిలిచాడు.

"అమ్మా, నీ చదువు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇది వ్యాపారం. రేపు పొద్దున్న అలారం కంపెనీ మనిషొచ్చి చూస్తాడు. ఆ తర్వాత కూడా ఇంకొక్కసారి ఊరికే మోగిందంటే, నువ్వు సంచి సర్దుకోవాల్సిందే."

ప్రశాంతి తల వంచుకుని "సరేనండి" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె జీతం మీదే ఇంట్లో తమ్ముడి చదువు నడుస్తోందని నూకరత్నానికి తెలుసు. నూకరత్నం చెప్పగా సూరిబాబుకీ తెలుసు. తెలిసి కూడా లోపల గిన్నెడు పాయసం తాగినంత చల్లగా ఉంది అతనికి.

కంపెనీ మనిషి వస్తే అంకెలు మార్చిన సంగతి బయటపడుతుందేమో అని అతనికి భయం వేసింది. ఆ సాయంత్రం సాంబ్రాణి వేశారు. ఆ పొగ చాటునే ప్యానెల్ దగ్గరకి వెళ్ళి మూడో అంతస్తు అంకెలు ప్రశాంతి పెట్టినట్టే మళ్ళీ పెట్టేశాడు. ఆ కంపెనీ మనిషి వచ్చి వెళ్ళాక ఇంకొక్కసారి మారిస్తే చాలు, ఆ పిల్ల పీడ విరగడైపోతుందని లెక్క వేసుకున్నాడు.

మర్నాడు వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు. పొద్దున్నే కంపెనీ మనిషి వచ్చాడు, చూశాడు, "అన్నీ సరిగ్గానే ఉన్నాయండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. "మరైతే ఎందుకు మోగుతోంది?" అన్న ప్రశ్న ప్రశాంతి నెత్తి మీదే మిగిలింది.

అతను అలా వెళ్ళగానే నూకరత్నం కిందికి దిగి వచ్చింది. "తమ్ముడూ, ఇస్త్రీపెట్టె వేడెక్కట్లేదు. బాగు చేయించుకురా నాయనా" అంది. సూరిబాబు ఆ పెట్టె పట్టుకెళ్ళి, సందు చివర మరమ్మతు కొట్టులో ఇచ్చి వచ్చాడు. వచ్చేసరికి కొట్టు నిండా జనం. ప్యానెల్ దగ్గరకి వెళ్ళడానికి అతనికి తీరిక చిక్కలేదు.

మధ్యాహ్నం గంటలు మోగాయి.

ఒక్కరూ కదల్లేదు. ఒక గుమాస్తా చెంపలు వేసుకుని, "వ్రతం రేపైతే గంట ఇవాళే కొట్టేస్తోందండీ అమ్మవారు" అన్నాడు. ఖాతాదార్లు నవ్వారు. ప్రశాంతి ప్యానెల్ దగ్గరకి పరిగెత్తింది.

"మూడో అంతస్తు. గోదాము" అంది.

నాగభూషణం గారు ఆమె వైపు చూడను కూడా చూడలేదు. "చాలమ్మా. అయిపోయింది. సంచి సర్దుకో."

"సర్దుకుంటానండి. ముందు పైకెళ్ళి చూసొస్తాను" అని ప్రశాంతి మెట్లెక్కి పరిగెత్తింది.

సూరిబాబు గుండె గంతులు వేసింది. తను వేలు కూడా కదపకుండానే పనైపోయింది! అలవాటు కొద్దీ వెళ్ళి మైకు అందుకున్నాడు.

"ఎవరూ కంగారు పడకండి. ఇది వట్టి..."

ఆ మాట దగ్గర నోరు ఆగిపోయింది.

ఇవాళ తను అంకెలు మార్చలేదు. పైన ఇస్త్రీపెట్టె లేదు, అది మరమ్మతు కొట్టులో ఉంది. ఆవిరి లేదు. అంకెలు సరిగ్గా ఉన్నాయి. అయినా మోగుతోంది. అంటే అది పొగ. నిజం పొగ. గోదాములో అట్టపెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. గోదాము పక్క గదిలో చెవుల్లో దూది పెట్టుకుని నూకరత్నం, ఆమె మనుషులు కూర్చుని ఉన్నారు.

ఈ సంగతి ఆ కొట్టు మొత్తం మీద తెలిసినవాడు ఒక్కడే. సూరిబాబు.

"లేవండి!" అని అరిచాడు. "నిజంగా నిప్పంటుకుంది! అందరూ బయటికి నడవండి!"

గుమాస్తాలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. "ఏంటి సూరిబాబుగారూ, నిన్న వట్టి మోత, ఇవాళ గట్టి మోతా?" అన్నాడొకడు. మళ్ళీ నవ్వులు. పట్టుచీరల దగ్గర ఒకావిడ, "ఆ అంచు ఇంకొంచెం పెద్దది చూపించు బాబూ" అంది.

"నవ్వకండి! నిజం చెప్తున్నాను!"

"నువ్వే కదయ్యా దానికి పిచ్చెక్కిందన్నావు?" అన్నాడింకొకడు.

నాగభూషణం గారు కౌంటరు దిగి వచ్చాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "సూరిబాబూ, నీక్కూడా పిచ్చెక్కిందా? పండగ బేరాలు పాడు చేస్తావా?"

"అయ్యగారూ, పైన ఇస్త్రీపెట్టె లేదండి!"

"ఇస్త్రీపెట్టెకీ దీనికీ ఏంటయ్యా సంబంధం?"

సూరిబాబు చేతిలోని మైకు వంక చూశాడు. ఆ సంబంధం చెప్పాలంటే అంతా చెప్పాలి. చెబితే ఇన్నేళ్ళ పేరు, "సూరిబాబు లేకపోతే కొట్టు నడవదు" అన్న మాట, ఊళ్ళో తలెత్తుకుని తిరిగే ముఖం, అన్నీ పోతాయి. చెప్పకపోతే ఎవరూ లేవరు. నమ్మకుండా నవ్వేలా వాళ్ళని తయారు చేసింది తనే. క్యారేజీ మూత తీసి "కొంచెం తిను తమ్ముడూ" అనే నూకరత్నం ముఖం కళ్ళ ముందు నిలబడింది.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నా మాట వినండి. ఇన్ని రోజులూ ఊరికే మోగించింది నేను. నేనే! ఆ పిల్ల పెట్టిన అంకెలు దొంగచాటుగా మార్చాను. ఆవిరికి మోగేలా పెట్టాను. ఆ పిల్లని అందరూ మెచ్చుకుంటుంటే ఓర్చుకోలేకపోయాను. ప్రశాంతి తప్పేం లేదు. యంత్రానికి పిచ్చి లేదు. ఇవాళ నేను దాన్ని ముట్టుకోలేదు. దేవుడి మీద ఒట్టు, ముట్టుకోలేదు. ఇది నిజం గంట. నూకరత్నమక్కా, నీకు దణ్ణం పెడతాను, దిగిపోండి!"

నవ్వులు ఆగిపోయాయి. గంట ఒక్కటే మోగుతోంది. నాగభూషణం గారు సూరిబాబు ముఖంలోకి చూశాడు. అబద్ధమాడేవాడి ముఖం అలా ఉండదు. "లేవండి! అందరూ బయటికి! చీరలక్కడే వదిలెయ్యండి!" అని కేకేశాడు. జనం కదిలారు.

మూడో అంతస్తులో అప్పటిదాకా ప్రశాంతి గొంతు చించుకుంటోంది. "లేవండి పిన్నీ, గోదాములో పొగొస్తోంది" అంటే, చెవుల్లో దూది తీసిన నూకరత్నం, "నీ గంట సంగతి మాకు తెలీదా తల్లీ. ఈ చీర సాయంత్రానికి ఇచ్చెయ్యాలి" అని సూదిలో దారం ఎక్కించుకుంటోంది. అప్పుడు గోడ మీది స్పీకర్లోంచి సూరిబాబు మాటలు వినబడ్డాయి. నూకరత్నం చేతిలోంచి సూది జారిపోయింది. ఆవిడ లేవడం చూసి ఆడవాళ్ళంతా ఒక్క ఉదుటున లేచారు.

గోదాము తలుపు సందుల్లోంచి నల్లటి పొగ మెట్ల వైపు పాకుతోంది. ప్రశాంతి ఆ తలుపుని లాగి గడియ వేసింది. ఇనప గడియ అప్పటికే కాలుతోంది. అరచేయి చుర్రుమన్నా వదల్లేదు. తడిపిన గుడ్డలు తలుపు కింద కుక్కి, ఒక్కొక్కర్నీ మెట్ల వైపు పంపించింది. సగం మెట్ల దగ్గర సూరిబాబు ఎదురొచ్చాడు. దగ్గుతున్న నూకరత్నాన్ని పొదివి పట్టుకుని కిందికి దింపాడు. ఆమె తన చేతిని అతని భుజం మీద వేయించుకోనిచ్చింది గానీ, అతని ముఖంలోకి మాత్రం చూడలేదు.

వాళ్ళు గడప దాటిన కాసేపటికే పైన గోదాము కిటికీ అద్దాలు పగిలి మంట బయటికి వచ్చింది. ఆ తలుపు కూడా కాలిపోయింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మెట్ల దారి ఉండేది కాదు. ఫైరింజను వచ్చి మంట ఆర్పింది. గోదాములో పాత స్విచ్‌బోర్డు దగ్గర రాజుకుని అట్టపెట్టెలు అంటుకున్నాయని తేలింది. పెట్టెలు కాలాయి, సూరిబాబు ఆనించి పెట్టిన నిచ్చెన కాలింది. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు.

రోడ్డవతల అరుగు మీద అందరూ నిలబడ్డారు. సూరిబాబు ఒక్కడే దూరంగా నిలబడ్డాడు. అతన్ని ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. నాగభూషణం గారు నెమ్మదిగా అతని దగ్గరకి వచ్చాడు.

"నిచ్చెనతో పనిలేదన్నాను గానీ, నీతో పనిలేదని నేనెప్పుడైనా అన్నానా సూరిబాబూ?" అన్నాడు. "ఇప్పుడంటున్నాను. రేపట్నుంచి రావద్దు."

సూరిబాబు తల వంచుకున్నాడు. తర్వాత ప్రశాంతి దగ్గరకి వెళ్ళాడు. ఆమె అరచేతికి ఎవరో తడిగుడ్డ చుడుతున్నారు.

"అమ్మా, నన్ను..." అన్నాడు.

ప్రశాంతి అతని వైపు తిరిగింది. "నేర్పింది నేనే కదండీ బాబాయ్ గారూ" అంది. "మీరూ నేనూ ఇద్దరం కలిసి చూసుకుంటామనుకున్నాను. అందుకే నేర్పాను."

ఆ మాట సూరిబాబుకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఆమె తన చోటు లాక్కోడానికి రాలేదు. పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చోడానికి వచ్చింది. తను మాత్రం ఉన్న కుర్చీ కూడా పోగొట్టుకున్నాడు. రోడ్డు మీద నలుగురూ చూస్తుండగానే అతను ఏడ్చేశాడు.

ఆ తర్వాత కొట్టుని మళ్ళీ బాగు చేశారు. ప్రశాంతి అక్కడే పనిచేసింది. ఇప్పటికీ సంధ్యవేళ అక్కడ ఎదుటి మనిషి ముఖం కనబడనంతగా సాంబ్రాణి వేస్తారు. అప్పుడు గంట మోగదు. ఎప్పుడైనా గంట మోగిందా, చేతిలో ఉన్న చీర అక్కడే వదిలేసి అందరికంటే ముందు లేచేది నూకరత్నం. సూరిబాబు ఎక్కడో ఇంకో కొట్టులో జనరేటర్లు బాగుచేస్తూ బతికాడు. అక్కడ కొత్తగా చేరినవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే, "అవునండీ, మంచి పనివాడు" అని ముందుగా అతనే అనేవాడట. ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి అతనికి అంత ఖర్చయింది.

నీతి: ఎదుటివారి మీది నమ్మకాన్ని చెడగొట్టాలని చూసే అసూయాపరుడు, ప్రాణం మీదికి వచ్చిన రోజున తన మాటని కూడా ఎవరూ నమ్మకుండా చేసుకుంటాడు.